మా బాబు వేళ్లలో లెక్కలు లేవట: వేలిముద్రల ప్రజ్ఞ పరీక్ష మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి ఒక్క స్టార్ ఇస్తున్నాను. అది కూడా వేళ్లు స్కాన్ చేసిన అమ్మాయికి. మా బాబు కుడి చూపుడు వేలి మీద సైకిల్ చెయిన్ పడిన మచ్చ ఉంది. ముద్ర సరిగ్గా పడకపోతే ఆ అమ్మాయి విసుక్కోకుండా తుడిచి తుడిచి ఏడుసార్లు తీసింది. మిగతా దానికి సున్నా వేసే వీలుంటే వేసేదాన్ని.

సెంటర్ పేరు రాయను. నా తగువు ఒక్క సెంటర్‌తో కాదు. ఇదే సరుకు వేరే వేరే బోర్డుల కింద చాలా ఊళ్లలో అమ్ముతున్నారు. సరుకు పేరు డీఎంఐటీ, అంటే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. పదివేళ్ల ముద్రలు, రెండు అరచేతుల ముద్రలు తీసుకుంటారు. వారం తర్వాత మీ బిడ్డకి ఏ తెలివి ఎంత శాతం ఉందో, ఎలా చదివితే ఎక్కుతుందో, పెద్దయ్యాక ఏ కోర్సులో చేర్చాలో రంగురంగుల బొమ్మలతో పుస్తకం చేసి ఇస్తారు. మాకిచ్చింది 46 పేజీలు. ధర రూ. 4,500. స్కూల్ ద్వారా వచ్చిన వాళ్లకి రూ. 2,999.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. బీఈడీలో ఒకసారి, డీఎస్సీకి ఇంకోసారి ప్రజ్ఞా సిద్ధాంతాలన్నీ బట్టీ పట్టినదాన్నే. స్పియర్‌మన్ 1904, ద్వికారక సిద్ధాంతం. థర్‌స్టన్ 1938, ఏడు ప్రాథమిక సామర్థ్యాలు. గార్డెనర్ 1983, తెలివి ఒక్కటి కాదు చాలా రకాలనే బహుళ ప్రజ్ఞలు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మరి అన్నీ తెలిసినదానివి ఎందుకు వెళ్లావమ్మా అంటే, దానికో కారణం ఉంది, సిగ్గుపడుతూనే చెప్తాను. ఆరో తరగతి మొదట్లో లెక్కల్లో 80 తెచ్చుకున్న మా వాడు ఏడుకి వచ్చేసరికి 54కి పడ్డాడు. లెక్కల టీచర్ కొడుక్కి లెక్కల్లో 54. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ పైకేమీ అనలేదుగానీ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే వాడి స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: మీ పిల్లల్లో దాగిన ప్రతిభను పది నిమిషాల్లో తెలుసుకోండి. మా వారు చూసి, "ఓ మూడు వేలే కదా, ఒకసారి చూపిద్దాం" అన్నారు. నేనూ కాదనలేదు.

సెంటర్ మొదటి అంతస్తులో, కింద మందుల షాపు. లోపల ఏసీ బాగుంది, కుర్చీలు బాగున్నాయి. గోడ మీద మెదడు బొమ్మ ఉంది, ఎడమ సగం నీలం, కుడి సగం నారింజ. దాని పక్కన గార్డెనర్ ఫొటో. హార్వర్డ్ అన్న మాట మాత్రం ఆయన పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. స్కానింగ్ పావుగంటలో అయిపోయింది. నేనప్పుడు పట్టించుకోలేదు, తర్వాత ఇంటికొచ్చి వంట చేసుకుంటుంటే తట్టింది. తెలివి కొలుస్తామన్నవాళ్లు మా వాడిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పేరు, తరగతి, పుట్టిన తేదీ, అంతే. ఒక లెక్క ఇవ్వలేదు, ఒక కథ చెప్పమనలేదు, నాలుగు చెక్కముక్కలు పేర్చమనలేదు. వేళ్లు పెట్టు, తియ్యి.

వారానికి రిపోర్టు వచ్చింది. దాన్ని వివరించడానికి కౌన్సెలర్‌గారితో నలభై నిమిషాలు. పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు, మాట తీరు బాగుంది. ఎనిమిది ప్రజ్ఞలు, ఎనిమిది రంగుల ముక్కలుగా గుండ్రటి బొమ్మలో. సంగీత ప్రజ్ఞ 14.2 శాతం, మొదటి స్థానం. తార్కిక గణిత ప్రజ్ఞ 10.6, ఆఖరి స్థానం. మా వాడు పక్కనే కూర్చుని వింటున్నాడు. పిల్లవాడిని బయట కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆ కుర్రాడికీ రాలేదు, నాకూ రాలేదు. ఆ తప్పులో సగం నాదే.

ఆ రాత్రి హోంవర్కుకి కూర్చోమంటే వాడు పుస్తకం మూసేసి, "నా వేళ్లలోనే లెక్కలు లేవంట కదమ్మా" అన్నాడు.

కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. చెప్పుల సైజు చెప్పినంత మామూలుగా అన్నాడు. పన్నెండు రోజులు లెక్కల నోటు ముట్టుకోలేదు. సంగీతం ప్రజ్ఞ అన్నారు కదా అని కీబోర్డ్ కొనిపెట్టమన్నాడు. మా ఇంట్లో సెల్‌ఫోన్ రింగ్‌టోన్ తప్ప సంగీతం లేదు.

అప్పుడు ఆ 46 పేజీలు ముందేసుకుని మొదటి నుంచి, పరీక్ష పేపర్ దిద్దినట్టు చదివాను. ముందు ఆ శాతాల సంగతి. ఎనిమిదీ కూడితే సరిగ్గా 100. ఎనిమిది ముక్కలు సమానంగా కోస్తే ఒక్కోటి 12.5. మా వాడి పైది 14.2, కిందది 10.6. అంటే మొత్తం తేడా 3.6. దాన్ని పట్టుకునే ఒకటి మొదటి ర్యాంకు, ఇంకోటి ఆఖరి ర్యాంకు. పైగా ఈ పద్ధతిలో ఏ బిడ్డకీ ఎనిమిదీ బాగుండటం కుదరదు, ఎనిమిదీ తక్కువుండటమూ కుదరదు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గి తీరాలి. ఇది ఉన్న ఒక్క అట్టునే ఎనిమిది ముక్కలు చేయడం. అట్టు ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేదు. రామానుజన్ వేళ్లు పెట్టినా, మా వాడి వేళ్లు పెట్టినా మొత్తం వందే. తోటి ఏడో తరగతి పిల్లలతో పోలిస్తే మా వాడు ఎక్కడున్నాడో ఆ 46 పేజీల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేసి, "ప్రామాణీకరణ ఎవరి మీద చేశారండీ, ఎంతమంది పిల్లల మీద?" అని అడిగాను. "సాఫ్ట్‌వేర్ ఫారిన్‌ది మేడం" అన్నాడా కుర్రాడు. అది జవాబనుకున్నాడు పాపం.

రిపోర్టు మూడో పేజీలో శాస్త్రం చెప్పారు. గర్భంలో చర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయట, కాబట్టి వేలి గీతల్లో మెదడు కనిపిస్తుందట. మొదటి సగం నిజమే. బయటి చర్మం, నాడీ మండలం రెండూ బాహ్యత్వచం (ఎక్టోడర్మ్) అనే పొర నుంచే వస్తాయి. మా బయాలజీ మేడంని అడిగితే, "జుట్టు, గోళ్లు, పంటి మీద ఎనామిల్ కూడా అందులోంచే వస్తాయి, మరి వాటితో కూడా తెలివి చూడమను" అంది. డెర్మటోగ్లిఫిక్స్ అన్న మాట కూడా దొంగది కాదు. 1926లో కమిన్స్, మిడ్లో అనే ఇద్దరు పెట్టిన పేరు. డౌన్ సిండ్రోమ్ పిల్లల అరచేతి గీతల్లో తేడాలుంటాయని కమిన్స్ గమనించాడు, అది వైద్యులు నేటికీ ఒప్పుకునే సంగతి. అయితే పుట్టుకతో వచ్చే ఒక స్థితికి అరచేతిలో ఒక గుర్తు ఉండటం వేరు, నా కొడుక్కి 10.6 శాతం లెక్కలు ఉండటం వేరు. ఈ రెండిటి మధ్య వంతెన ఎక్కడుందో నాకా పుస్తకంలో దొరకలేదు.

అసలు ఈ పరీక్ష ఎప్పుడో జరిగింది, ఫలితం కూడా వచ్చేసింది. నేటి వేలిముద్రల పద్ధతికి తొలి అడుగులు కొన్ని మన దేశంలోనే పడ్డాయని చాలామందికి తెలియదు. 1858లో బెంగాల్లో హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కొనాయ్ అనే ఆయన చేత అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతికి లెక్కలు కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పైఅధికారి హెన్రీకి పోయింది, అది మనకి కొత్తేం కాదు. ఈ రెండిటి మధ్యలో గాల్టన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1892లో వేలిముద్రల మీద పుస్తకమే రాశాడు. తెలివి వంశపారంపర్యమని గట్టిగా నమ్మినవాడాయన, వేలి గీతల్లో దాని ఆనవాలు దొరికితే ఆయనకన్నా సంతోషించేవాడు లేడు. చదువుకున్నవాళ్లవి, పొలం కూలీలవి, మందబుద్ధి ఉన్నవాళ్లవి ముద్రలు పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా దొరకలేదు. స్వభావంగానీ సామర్థ్యంగానీ వేలిముద్రల్లో కనిపించడం లేదని తనే రాసుకున్నాడు. కావాలని వెతికినవాడికి నూట ముప్పై ఏళ్ల క్రితం దొరకనిది మా ఊరి మందుల షాపు పైన పావుగంటలో దొరికింది.

ఇక గార్డెనర్. ఆయన 1983లో ఏడు ప్రజ్ఞలన్నాడు, తర్వాత ప్రకృతి సంబంధమైనదాన్ని ఎనిమిదోదిగా కలిపాడు. ఒకదాన్ని ప్రజ్ఞ అని పిలవాలంటే ఏమేం ఉండాలో షరతులు కూడా రాశాడు: మెదడులో ఒకచోట దెబ్బ తగిలితే అదొక్కటే పోవడం, ఒక్క రంగంలోనే అద్భుతంగా రాణించే బాలమేధావులు కనపడటం, అలాంటివి. వేలి గీతలు వాటిలో లేవు. ఆయన సిద్ధాంతానికే ఆధారాలు చాలవనే మనస్తత్వవేత్తలు బోలెడుమంది. సరే, అది పెద్దవాళ్ల గొడవ. కానీ రిపోర్టులో మా వాడు "వినికిడి ద్వారా నేర్చుకునే రకం" అని రాసి, కింద గార్డెనర్ పేరు పెట్టారు. బహుళ ప్రజ్ఞలు, లెర్నింగ్ స్టైల్స్ ఒకటి కాదని ఆయనే 2013లో చెప్పాడు. పిల్లల రకాన్ని బట్టి పాఠం చెప్తే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని అంతకు ముందే, 2008లో, పాష్లర్ అనే మనస్తత్వవేత్త బృందం ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చింది. చేతులకి చెవులకి ముడి పెట్టి, ఆ ముడి మీద హార్వర్డ్ స్టిక్కర్ అంటించారంతే.

ఇక్కడితో ఊరుకుంటే రివ్యూ చిన్నదయ్యేది. నేను ఊరుకోలేదు. విశ్వసనీయత, సప్రమాణత అని రెండు మాటలు డీఎస్సీలో ఒక్కో మార్కుకి చదివాను, పద్నాలుగేళ్ల సర్వీసులో ఒక్కసారీ వాడలేదు. వాటిని పిల్లలకి చెప్పాల్సి వస్తే మా వీధి కూరల బండి తక్కెడ చూపిస్తాను. ఎన్నిసార్లు తూచినా కిలోకి తొమ్మిది వందలే వస్తుంది. ప్రతిసారీ ఒకటే రావడం విశ్వసనీయత. కిలోకి కిలో రావడం సప్రమాణత. మొదటిది ఉండి రెండోది లేని తక్కెళ్లు బోలెడు. మొదటిదే లేనిదాన్ని మాత్రం తక్కెడ అనరు.

వేలిముద్రలు పుట్టినప్పటి నుంచి మారవు, వాళ్ల అమ్మకం మాటే అది. అయితే రెండోసారి తీసినా అదే రిపోర్టు రావాలిగా? దసరా సెలవులకి విజయవాడ మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు వాడిని ఇంకో సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ రూ. 1,800. మా వారికి తర్వాత చెప్పాను, ఏమన్నారో ఇక్కడ రాయను. అవే వేళ్లు, అదే మచ్చ. ఈసారి తార్కిక గణిత ప్రజ్ఞ 13.1, రెండో స్థానం. సంగీతం ఆరోదానికి దిగింది. గీతల మొత్తం లెక్క, దాన్ని టీఎఫ్‌ఆర్‌సీ అంటారు, అది నేర్చుకునే శక్తికి కొలతట, మొదటి రిపోర్టులో 128, ఇక్కడ 151. లెక్కపెట్టడానికి గీతలు కళ్లముందున్నప్పుడే ఇంత తేడా వస్తే, కళ్లకి కనపడని తెలివి సంగతి మీరే ఊహించుకోండి. ఒక్క పిల్లాడితో రెండుసార్లు చేసినదాన్ని పరిశోధన అనరని నాకూ తెలుసు. కానీ నేను డబ్బులిచ్చింది ఆ ఒక్క పిల్లాడి కోసమే.

రిపోర్టులో అందరికీ బాగా నచ్చేది వ్యక్తిత్వం పేజీ. డేగ, నెమలి, పావురం, గుడ్లగూబ, ఈ నాలుగు పక్షుల్లో బిడ్డ ఏదో చెప్తారు. మా వాడు పావురం. బయటికి ధైర్యంగా కనపడినా లోపల ఒక్కోసారి సందేహపడతాడు, నచ్చిన పనైతే తిండి మర్చిపోయి చేస్తాడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే మనసు కష్టపెట్టుకుంటాడు... మా వారు చదివి, "అచ్చం వీడే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అందుకే అనుమానం వచ్చింది. ఫోరర్ అనే ఆయన 1948లో 39 మంది విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకే అని చెప్పి అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. సరే, నేనూ మా వాడి పేజీలో పేరు, పక్షి బొమ్మ కొట్టేసి జిరాక్స్ తీయించాను. స్టాఫ్ రూమ్‌లో ఐదుగురికి విడివిడిగా ఇచ్చి, మీ చేతిరాత చూసి మా కజిన్ రాసిందన్నాను. హిందీ పండిట్‌గారు నాలుగు వేశారు. ముగ్గురు నాలుగున్నర. పీఈటీ సారైతే ఐదుకి ఐదు వేసి, ఇంట్లో చూపిస్తానని కాగితం అడిగి తీసుకున్నారు. అది ఏడో తరగతి పిల్లాడిదని చెప్పాక ఏమాత్రం తగ్గలేదాయన: "అయితే మీ వాడు నా అంతవాడవుతాడు మేడం!"

ఇంతకీ మా వాడికి లెక్కలెందుకు తగ్గాయి? ఆ సంగతి వేలిముద్రల వల్ల కాదు, పక్కన కూర్చుంటే తెలిసింది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే అంటే మా బీఈడీ పుస్తకాల్లో నాలుగు దశలు, నాలుగు వయసులు, నాలుగు బిట్లు. ఆయన మొదట పారిస్‌లో, తొలి ప్రజ్ఞ పరీక్ష తయారుచేసిన బినే పేరుతో పిలిచే బడిలో, బినే సహచరుడు సైమన్ దగ్గర తార్కిక పరీక్షల్ని ప్రామాణీకరించే పనిలో కుదిరాడు. పిల్లలు ఎన్ని సరిగ్గా చెప్పారో లెక్కపెట్టడం ఆయన డ్యూటీ. ఆయనకి తప్పులే ఆసక్తిగా అనిపించాయి. ఒకే వయసు పిల్లలు ఒకేలా ఎందుకు తప్పుతున్నారని అడుగుతూ కూర్చున్నాడు. బినే కథ కూడా అలాంటిదే. మొదట్లో పిల్లల తలలు కొలిచి తెలివి చూడబోయాడు, తేడాలు లెక్కలోకి రావని తనే వదిలేశాడు. తర్వాత 1905లో సైమన్‌తో కలిసి 30 పనులు పెట్టి పిల్లల చేత చేయించాడు. ఒంటిని కొలవడం మానేసి పని ఇచ్చి చూడటం మొదలుపెట్టాకే అది ప్రజ్ఞ పరీక్ష అయింది. మనం 2,999 కట్టి మళ్లీ తలలు కొలిచే చోటుకి వెళ్లాం.

నేను వాడి పాత పరీక్ష పేపర్లు తీసి, "ఈ లెక్క నువ్వెలా చేశావో పైకి చెప్తూ మళ్లీ చెయ్యి" అన్నాను. తప్పు అని అనకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను, టీచర్లకి అది చాలా కష్టం. మూడో సాయంత్రానికి దొరికింది. కూడికలు, తీసివేతలు, భిన్నాలు బాగానే చేస్తున్నాడు. 'ఫైవ్ లెస్ దాన్ ఎక్స్' అంటే మాత్రం ప్రతిసారీ 5 − x అని రాస్తున్నాడు. ఇంగ్లీషులో ఏ మాట ముందొస్తే అది ముందు రాసేస్తున్నాడు. "ఎక్స్ కంటే ఐదు తక్కువ" అని తెలుగులో అడిగితే ఆలోచించకుండా x − 5 అన్నాడు. వాడు ఐదు వరకు తెలుగు మీడియం, ఆరులో ఇంగ్లీషు మీడియంలో చేర్చాం. ఆరు మొదట్లో అన్నీ అంకెల లెక్కలే, అందుకే 80. తర్వాత మాటల లెక్కలు వచ్చాయి, 54. పోయింది లెక్కలు కాదు, లెక్క చదవడం. ఇప్పుడు ప్రతి లెక్కా ముందు తెలుగులో చెప్పి తర్వాత రాస్తున్నాడు. మొన్న యూనిట్ టెస్టులో 25కి 19. గొప్పేం కాదు, కానీ నోటు మూసేయడం మానేశాడు. కీబోర్డ్ మాత్రం ఇంకా అడుగుతున్నాడు.

మీకు నిజంగానే పిల్లల విషయంలో అనుమానం ఉంటే, అంటే వయసుకి తగ్గట్టు చదవలేకపోతున్నాడు, అక్షరాలు తారుమారవుతున్నాయి లాంటివి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. మన పిల్లల కోసం మార్చి తయారుచేసిన పరీక్షలున్నాయి. నాగపూర్‌లో మాలిన్ 1969లో తెచ్చిన మిసిక్ ఉంది, బినే కామత్ పరీక్ష ఉంది. అవీ తప్పుల్లేనివి కావు, పాతబడ్డాయన్న విమర్శలున్నాయి. కానీ అక్కడ పిల్లవాడి ముందు కూర్చుని, పని ఇచ్చి, ఏం చేస్తున్నాడో చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ప్రకటించింది. ఆ ముక్క స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇద్దరు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఆ బొటనవేలు చూసి నవ్వొచ్చింది.

చివరికి రెండు రిపోర్టులూ పట్టుకుని మొదటి సెంటర్‌కి వెళ్లాను, డబ్బు వెనక్కివ్వమని. కౌన్సెలర్ కుర్రాడు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నిజంగానే ఇబ్బంది పడ్డాడు. లోపలికెళ్లి ఎవరితోనో ఫోన్ మాట్లాడి వచ్చి, రీఫండ్ తమ పాలసీలో లేదన్నాడు. అయితే మీ అసంతృప్తిని గుర్తిస్తున్నాం మేడం, ఇంట్లో రెండో పాప ఉంది కదా, నాలుగో తరగతి, పాపకి చేయిస్తే ఐదు వందలు తగ్గిస్తాం అన్నాడు.